గ్రంథాలయానికి చందా ఎవరిస్తారు?



గ్రంథాలయం కోసం ఏదన్నా చేద్దామని మా లక్సెట్టిపేటలో నలుగురు కూర్చుంటే, చాయ్ వచ్చేలోపే ఒక మాట వస్తుంది. "మన దగ్గర పుస్తకానికి పైసలెవరిస్తరు సార్?" అని. అడిగిన మనిషిని తప్పుపట్టను. కాకపోతే ఆ మనిషి అంగీ జేబులోనే వినాయక చవితి చందా రసీదు మడతపెట్టి ఉంటుంది. దుర్గమ్మ మండపానికి రాయించిన రసీదు ఉంటుంది. జాతరకో, గుడి ప్రహరీకో ఇచ్చిన రసీదు ఇంకొకటి దొరుకుతుంది. ఇవ్వడం తెలియని ఊరు కాదు మనది. మరి గ్రంథాలయం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఎందుకు ఆగుతుంది? ఈ పూట ఆ ముచ్చటే చెప్పుకుందాం.

గణపతి మండపాన్నే చూడండి. గల్లీలో పిల్లలు రసీదు బుక్కు పట్టుకొని ఇంటింటికీ తిరుగుతారు. ఇచ్చినవాళ్ళ పేరు మైకులో చదువుతారు. భజనలు, అన్నదానం, పిల్లల ఆటపాటలు అన్నీ అయ్యాక ఆఖరున లడ్డూ వేలం. హైదరాబాద్ పక్కనున్న బాలాపూర్‌లో 1994లో మొదటిసారి వేలం పెడితే లడ్డూ 450 రూపాయలకు పోయింది. 2024లో అదే బాలాపూర్ లడ్డూ 30 లక్షల 1,000 రూపాయలు పలికింది. వచ్చిన సొమ్మును ఊరి పనులకు వాడుకుంటున్నారు. గ్రంథాలయంలో కూడా లడ్డూ వేలం పెట్టమని నేను చెప్పబోవడం లేదు, కంగారు పడకండి. మండపం దగ్గర ముందు జనం కూడుతారు, పైసలు ఆ తర్వాత కూడుతాయి. గ్రంథాలయానికి మనం దీన్ని తిరగేసి చేస్తున్నాం. జనం అడుగుపెట్టని గదిని చూపించి చందా అడుగుతున్నాం. రాదు. రాకపోవడమే న్యాయం.

మన తాతలు ఈ పొరపాటు చేయలేదు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆదిపూడి సోమనాథరావు లాంటివాళ్ళు దాని వెనక నిలబడ్డారు. నిజాం సర్కారుకు అప్పటికే ఒక పెద్ద గ్రంథాలయం ఉంది. 1891లో పెట్టిన ఆసఫియా. అందులో అరబ్బీ, పారసీ, ఉర్దూ గ్రంథాలకు కొదువ లేదు. తెలుగు చదువుకోవాలనుకున్నవాడికి మాత్రం తమదంటూ ఒక చోటు లేకపోయింది. సర్కారు ఇచ్చినప్పుడు చూద్దామని వాళ్ళు కూర్చోలేదు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం లేచాయి. అన్నీ చందాల మీద లేచినవే.

1910లో రంగారావు గారు చనిపోయారు. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు భర్త జ్ఞాపకంగా నిలయం సొంత ఇంటి కోసం విరాళం ఇచ్చారు. ఆయన కూడబెట్టిన పుస్తకాలూ నిలయానికే ఇచ్చేశారు. తెలంగాణ గ్రంథాలయాల చరిత్ర చెప్పేటప్పుడు వేదిక మీద పదిమంది మగవాళ్ళ పేర్లు వరుసగా చదువుతాం. ఈ తల్లి పేరు చదవడం తరచుగా మరిచిపోతాం.

ఆ నిలయాల్లో పుస్తకాల బీరువాలు ఒక్కటే ఉండి ఉంటే అవి ఎన్నడో మూతపడేవి. అక్కడ ఉపన్యాసాలు జరిగేవి, కవుల జయంతులు జరిగేవి, ఏటా వార్షికోత్సవాలు జరిగేవి. ఆ కాలంలో ఒక వార్షికోత్సవం పెట్టడం ఎంత కష్టమో ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. నిజాం సంస్థానంలో గస్తీ నిశాన్ 53 అని ఒక సర్కారీ ఉత్తర్వు ఉండేది. సభ పెట్టాలంటే ముందు సర్కారు అనుమతి తెచ్చుకోవాలి. ఎవరు మాట్లాడతారు, ఏం మాట్లాడతారు, అన్నీ ఆరా తీస్తారు. రాజకీయం ఊసెత్తకుండా పదిమంది ఒకచోట కూర్చోవడానికి మిగిలిన దారి గ్రంథాలయమే. కాబట్టి గ్రంథాలయ వార్షికోత్సవం పేరుకు పుస్తకాల పండుగ, లోపల మాత్రం ఊరు తన గొంతు తాను వినే రోజు.

ఆ గొంతు ఎట్లా పుట్టిందో కూడా చెప్పుకోవాలి. 1921 నవంబరు 12న హైదరాబాద్ వివేకవర్ధని థియేటర్‌లో మహర్షి కర్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరుగుతోంది. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసాలు నడిచాయి. ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మాట్లాడబోతే అల్లరి చేశారు, ఎగతాళి చేశారు. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్ళు ఒకచోట కూడి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం ముందు పెట్టుకున్న పనుల్లో గ్రంథాలయాలు ఒకటి. అదే పెరిగి పెద్దదై 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి నిజాం ఆంధ్ర మహాసభ అయింది. 1935లో మన వైపుకు, సిరిసిల్లకు వచ్చింది. ఆ సభకు మాడపాటి హనుమంతరావు గారు అధ్యక్షులు. అంత పెద్ద ఉద్యమానికి దూలాలు మోసినవి చిన్న చిన్న ఊర్లలోని పఠనమందిరాలు.

ఇంకొకాయన ఉన్నారు. చందా కూడా అడగలేదు, పుస్తకమే నెత్తికెత్తుకున్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి. ఇండ్లల్లో వంట పని చేసి చదువుకున్న మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తక్కువ ధరకు పుస్తకాలు అచ్చువేయించి, ఆ మూట మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. కొనేవాడు తన దగ్గరికి రావాలని ఎదురుచూడలేదు. ఇప్పుడు మనం గ్రంథాలయం బోర్డుకు రంగు వేయించి, జనం రావడం లేదని నిట్టూరుస్తున్నాం.

ఒక ఊరి ముచ్చట చెప్పి ముందుకు పోతాను. వేములవాడ దగ్గర హనుమాజీపేట. ఒగ్గు కథను దేశమంతా వినిపించిన మిద్దె రాములు గారిది ఆ ఊరు. జ్ఞానపీఠం అందుకున్న సి. నారాయణరెడ్డి గారిదీ ఆ ఊరే. సినారె చిన్నప్పుడు హరికథలు, జంగం కథలు, జానపదుల పాటలు విని వాటి వెంట పడ్డారు. బడిలో చదివింది ఉర్దూ మాధ్యమం. పై చదువుకు హైదరాబాద్ పోయాక, తెలుగు సాహిత్యం కోసం ఆయన వెతుక్కుంటూ పోయిన చోటు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. ముందు చెవి, తర్వాత కన్ను. ఊర్లో రాత్రిపూట కథ విన్న పిల్లగాడు, ఎవరో చందాలేసుకొని కట్టిన గదిలో కూర్చొని పుస్తకం తెరిచాడు. కథ చెప్పే రాత్రికీ పుస్తకానికీ చుట్టరికం లేదనేవాళ్ళకు నేను ఇంతకన్నా పెద్ద జవాబు ఇవ్వలేను.

అందుకే గ్రంథాలయంలో సాంస్కృతిక కార్యక్రమం అంటే నా లెక్కలో శాలువాలు, జ్యోతి ప్రజ్వలన, పన్నెండుమంది వక్తలు కాదు. పన్నెండుమంది వక్తలుంటే పదమూడో మనిషి వినడానికి ఉండడు. ఒగ్గు డోలు మోగితే మైకు లేకపోయినా సగం పేట వస్తుంది. చిందు భాగోతం వేస్తే ముసలివాళ్ళు కుర్చీలు ఇంటి నుంచే తెచ్చుకుంటారు. మన గోదావరికి అవతలి ఒడ్డున ధర్మపురి ఉంది. నరసింహ శతకం రాసిన శేషప్ప కవిది ఆ ఊరు. ఆ శతకంలో పద్యాలు పుస్తకం చూడకుండా చదవగలిగే తాతలు, అమ్మమ్మలు మన వాడల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళను కూర్చోబెట్టి పద్యం చెప్పించి, పక్కనే ఆ పుస్తకం పెట్టండి. పిల్లలు చేత్తో పట్టుకొని చూస్తారు. ఖర్చు చాపలది, చాయ్‌ది. అంతే.

ఇక్కడే ఒక సంగతి నిక్కచ్చిగా చెప్పాలి. నిధుల కోసం కార్యక్రమం పెట్టినప్పుడు కళాకారులను ఉచితంగా ఆడమని అడగడం మనకు అలవాటైంది. "మంచి పనికి కదా తాతా" అంటాం. టెంటువాడికి పైసలిస్తాం, మైకువాడికి పైసలిస్తాం, ఫ్లెక్సీవాడికి అడ్వాన్సు ఇస్తాం. రాత్రంతా గొంతు చించుకునే మనిషికి మాత్రం శాలువా కప్పి పంపుతాం. చిందు వాళ్ళకు, పటం కథలు చెప్పేవాళ్ళకు పూర్వం ఊర్ల మీద మిరాశీ హక్కు ఉండేది. పంట కల్లం నుంచి ఇంటికి చేరాక వాళ్ళకు ముట్టాల్సింది ముట్టేది. అది దానం కాదు, వాళ్ళ వాటా. ఆ కట్టుబాటులో కులం బరువు ఉంది, దాన్ని మళ్ళీ తెమ్మని నేను అనను. కళకు కూలి ఉందన్న సంగతి మాత్రం అప్పటి ఊరికి తెలుసు. గ్రంథాలయం పేరుతో సేకరించిన మొదటి రూపాయి కథ చెప్పిన మనిషికే పోవాలి. మిగిలిందే గ్రంథాలయానిది. అట్లా మిగలకపోతే కార్యక్రమం పెట్టినవాళ్ళ లెక్కలో తప్పుంది కానీ కళాకారుడిలో లేదు.

ఎప్పుడు పెట్టాలి? ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటి మన తెలుగువాళ్ళు పట్టుబట్టి జరిపించిన సభ అది. నెహ్రూ గారి పుట్టినరోజు కూడా అదే తేదీ కావడంతో పిల్లల వ్యాసరచన పోటీలు, ముగ్గుల పోటీలతో వారం గడిచిపోతుంది. అవి వద్దని కాదు. కానీ తేదీ మనకు చాలా అచ్చివచ్చే తేదీ. కడెం ఎడమ కాలువ కింద దండేపల్లి, లక్సెట్టిపేట వైపు వానకాలం వరి కోతలు ఆ రోజుల్లోనే నడుస్తుంటాయి. వడ్లు అమ్ముకొని నాలుగు పైసలు చేతిలో ఆడే కాలం. దీపావళికి గోండు గూడేల్లో దండారి పండుగ ముగుస్తుంది. అందులో ఆడే గుస్సాడీ ఆట మన జిల్లాల గర్వం. ఆ ఆటకే మార్లవాయికి చెందిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. దండారి బృందం ఊరికొస్తే అతిథులుగా చూసి అన్నం పెట్టి పంపడం ఆ గూడేల ఆచారం. దండారి వాళ్ళకు అది పూజ, మనకు వేడుక. అందుకని గ్రంథాలయం ముందు రెండు నిమిషాల ఫొటో కోసం వాళ్ళను ఎగరమని అడగడం మర్యాద కాదు. వాళ్ళ పెద్దలను పిలిచి, ఆ ఆట కథేమిటో వాళ్ళ నోటితోనే చెప్పించుకుని, భోజనం పెట్టి, దారి ఖర్చులిచ్చి పంపాలి.

ఇంకొక చిక్కు ఉంది. పైకి చిన్నదిగా కనిపిస్తుంది, కార్యక్రమాలు చెడిపోయేది అక్కడే. ఇవ్వాళ శాఖా గ్రంథాలయాల్లో బల్లలన్నీ నిండా ఉండేది ఎవరు? గ్రూప్స్‌కు, పోలీసు కొలువులకు, డీఎస్సీకి చదివే పిల్లలు. ఇంటి దగ్గర తావు లేక, చుట్టూ చప్పుడు భరించలేక అక్కడికి వస్తారు. వాళ్ళకు కావాల్సింది నిశ్శబ్దం, ఫ్యాను, తాగే నీళ్ళు, శుభ్రమైన మరుగుదొడ్డి. పరీక్ష వారం రోజుల్లో ఉందనగా మీరు పోయి డోలు కొడితే వాళ్ళు తిట్టుకోకుండా ఏం చేస్తారు? హాలు వాళ్ళకు వదలండి. కార్యక్రమం వాకిట్లో, చదువు వేళలు అయిపోయాక పెట్టండి. ముందు వాళ్ళనే పిలిచి అడగండి. కొలువు కోసం చదివే పిల్లలు కథలు చదవరని మనలాంటి పెద్దలం తేల్చేశాం. వాళ్ళకు తీరిక లేదు కానీ ఇష్టం లేదని ఎవరన్నారు? చిన్న పిల్లలకు వారానికి ఒక గంట కథ చదివి వినిపించమని అడిగి చూడండి. కాదనేవాళ్ళు తక్కువ.

చదివి వినిపించడం అన్నాను కాబట్టి, నాకు ఎంతో ఇష్టమైన ఒక సంగతి చెప్తాను. కాస్త ఓపిక పట్టండి. క్యూబా దేశంలో హవానా నగరం. చుట్టల కార్ఖానాలకు పేరు. 1865లో అక్కడ కార్మికులు ఒక పద్ధతి పెట్టుకున్నారు. వందలమంది కూర్చొని చుట్టలు చుడుతుంటే ఒక మనిషి ఎత్తైన పీట మీద కూర్చొని పత్రికలు, నవలలు బిగ్గరగా చదివేవాడు. ఆయన జీతం యజమాని ఇచ్చేవాడు కాదు. కార్మికులే తమ కూలీలోంచి తలా ఇంత వేసుకొని ఇచ్చేవాళ్ళు. ఏ పుస్తకం చదవాలో కూడా వాళ్ళే చెప్పేవాళ్ళు. సర్కారుకు భయమేసి మరుసటి ఏడే నిషేధించింది. అయినా ఆ అలవాటు చావలేదు, మళ్ళీ లేచి ఇప్పటిదాకా నడుస్తోంది. అంత దూరం ఎందుకు, మన కేరళలో కణ్ణూరు వైపు బీడీ కార్మికులు అదే చేశారు. ఒకరు పత్రిక చదువుతుంటే, ఆ చదివే మనిషి చుట్టాల్సిన బీడీలు మిగతావాళ్ళు చుట్టి ఆయన లెక్కలో వేసేవాళ్ళు. ఒక్క పైసా చేతులు మారకుండా ఇచ్చిన చందా అది. నాకు తెలిసిన చందాలన్నిటిలో గొప్పది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. ఆదిలాబాద్ అడవుల్లో ఎండకాలం తునికాకు కోస్తారు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ దాకా ఎన్ని వాడల్లో, ఎన్ని అరుగుల మీద మన అక్కలు, చెల్లెండ్లు చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతున్నారో మీకు తెలుసు. చేతులకు తీరిక లేదు, చెవులకు ఉంది. వాళ్ళను గ్రంథాలయానికి రమ్మంటే రాలేరు. రోజుకు ఇన్ని బీడీలని లెక్క ఉంటుంది. మరి గ్రంథాలయమే మధ్యాహ్నం పూట ఆ అరుగు మీదికి పోతే? ఇంటర్ చదివే ఒక పిల్ల రోజుకు గంటసేపు పత్రికో, యద్దనపూడి నవలో చదివి వినిపిస్తే? వట్టికోట మూట మోసినంత కష్టం కూడా లేదు ఇందులో. ఆ పిల్లకు నెలకింత ఇవ్వడానికి మనం చందా అడిగితే, రేపు ఆ అరుగు మీద కూర్చున్నవాళ్ళే తలా పది రూపాయలు వేస్తారని నా నమ్మకం. సీరియల్ మధ్యలో ఆగితే వాళ్ళు ఊరుకుంటారా చెప్పండి.

సరే, ఇక పైసల లెక్కకు వద్దాం. ఇక్కడ కొంచెం గట్టిగా మాట్లాడాలి.

మనం చందా ఇచ్చే ముందే గ్రంథాలయానికి పైసలు కట్టేశాం. చాలామందికి ఈ సంగతి తెలియదు. 1955లో హైదరాబాద్ రాష్ట్రంలో పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. తర్వాత 1960లో ఉమ్మడి రాష్ట్ర చట్టం వచ్చింది. దాని ప్రకారం మన ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు పడుతుంది. ఇంటి పన్ను 1,000 రూపాయలైతే సెస్సు 80 రూపాయలు. మూడు వేల ఇండ్లున్న పట్టణంలో ఇంటికి సగటున 1,000 పన్ను అనుకోండి, ఏడాదికి 2 లక్షల 40 వేలు అవుతుంది. పన్ను వసూలు చేసేది మున్సిపాలిటీ, పల్లెలో అయితే గ్రామ పంచాయతీ. వసూలు చేసిన సెస్సును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆ జమ సమయానికి జరగకపోవడం, బకాయిలు ఏండ్ల తరబడి పేరుకుపోవడం రాష్ట్రంలో చాలాచోట్ల ఉన్న పాత జబ్బు. ఫలానా ఆఫీసు అని నేను వేలు చూపడం లేదు. అడిగి తెలుసుకొమ్మంటున్నాను. మా లక్సెట్టిపేట 2018లో మున్సిపాలిటీ అయింది. 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. ఇంత సెస్సు వసూలైంది, ఇంత జమ చేశాం, ఇంత బాకీ ఉంది. ఆ మూడు అంకెలు చేతిలో ఉంటే, మీరు ఏ దాత గడప ముందు నిలబడ్డా మాటకు బరువు ఉంటుంది.

కేరళను ఎప్పుడూ పొగుడుతుంటాం. అక్కడ గ్రంథాలయ సెస్సు రూపాయికి 5 పైసలు. మనది 8. రేటులో మనమే ముందున్నాం! మరి తేడా ఎక్కడ వచ్చింది? 1945లో అంబలపుళలో పి. ఎన్. పణిక్కర్ గారు 47 గ్రంథాలయాలను కూడగట్టి సంఘం పెట్టారు. అక్కడ ఊరి గ్రంథాలయం ఊరి సభ్యులది. సభ్యులే కమిటీని ఎన్నుకుంటారు. ఆ గ్రంథాలయం ఏం పనులు చేస్తోందో చూసి గ్రేడు ఇస్తారు, గ్రేడును బట్టి సర్కారు గ్రాంటు వస్తుంది. ఆట, పాట, చర్చ, పిల్లల విభాగం, ఆడవాళ్ళ విభాగం అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. అంటే అక్కడ సాంస్కృతిక కార్యక్రమం గ్రంథాలయానికి అలంకారం కాదు, ఆదాయ మార్గం. మన దగ్గర గ్రంథాలయం సర్కారుది, ఉద్యోగం సర్కారుది, తాళం సర్కారుది. ఊరికి అందులో ఓటు లేదు, కాబట్టి ఊరికి అందులో మాట కూడా లేదు. చట్టం మార్చమని మనం కోరవచ్చు. అది తేలేలోపు ఒక మిత్రమండలి పెట్టుకోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

దాతల గురించి ఒక మాట. అమెరికా ఉక్కు కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ సొమ్ముతో ప్రపంచంలో 2,509 గ్రంథాలయ భవనాలు లేచాయి. ఆయన ఊరికే ఇవ్వలేదు. స్థలం మీరివ్వండి, నేనిచ్చిన మొత్తంలో పదో వంతు ఏటేటా మీ ఊరి ఖజానా నుంచి నిర్వహణకు కడతామని రాసివ్వండి, అప్పుడిస్తాను అన్నాడు. ఆ షరతు భరించలేక కొన్ని ఊర్లు మాకొద్దన్నాయి. ఆయన వ్యాపారం గురించి ఎన్ని మాటలైనా అనవచ్చు. తన కార్ఖానా కూలీల సమ్మెను ఎట్లా అణిచారో చరిత్రలో ఉంది. కానీ ఈ షరతు మాత్రం తెలివైనది. భవనానికి శిలాఫలకం ఉంటుంది కాబట్టి దాత దొరుకుతాడు. పత్రికల బిల్లుకు, ట్యూబులైటుకు, చీపురుకు శిలాఫలకం ఉండదు. దాతను అడిగేటప్పుడు మనమూ అడుగుదాం: గది కట్టిస్తారు సరే, అందులో పదేండ్లు పత్రికలు వేయిస్తారా?

జీతాలు, భవనం, కరెంటు సర్కారు చూసుకోవాల్సినవి. వాటికి చందా అడగకండి. అడిగితే సర్కారు చేతులు కడుక్కుంటుంది. చందా పైసలు సర్కారు పద్దులో లేనివాటికే వాడాలి. పిల్లల బొమ్మల పుస్తకాలు, కథ చెప్పేవాళ్ళ కూలి, బీడీల అరుగు దగ్గర చదివే పిల్లకు నెల పైసలు, చూపు తగ్గినవాళ్ళకు పెద్ద అక్షరాల పుస్తకాలు. అడిగేటప్పుడు "గ్రంథాలయ అభివృద్ధికి" అని గాలిలో అడగవద్దు. "ఈ ఇరవై పుస్తకాలకు ఇంత అవుతుంది" అని పట్టీ చూపించి అడగండి. పుస్తకాలు దానమిస్తామని వచ్చేవాళ్ళుంటారు, మంచి మనసే. కానీ అటక దులిపి, పోయిన సిలబస్ గైడ్లు, చెదలు పట్టిన క్యాలెండర్లు గోనె సంచిలో తెచ్చి దించి పోతే అది దానం కాదు, చెత్త బదిలీ. కావాల్సిన పుస్తకాల పట్టీ గోడకు అంటించండి. ఆ పట్టీలోంచి ఒకటి కొనిచ్చినవాళ్ళ పేరు మొదటి పేజీలో రాయండి.

పేరు అంటే చిన్నతనం అనుకోకండి. పెండ్లిలో చదివింపులు చదివినా, భాగోతం మధ్యలో ఆట ఆపి "ఫలానా మల్లయ్య గారు పదకొండు రూపాయలు" అని అరిచినా మన జనం చెవులు అటే ఉంటాయి. అది మన పద్ధతి. పదకొండు రూపాయలు ఇచ్చిన మల్లయ్య పేరూ, పదకొండు వేలు ఇచ్చిన సేటు పేరూ ఒకే గొంతుతో చదవాలి. వచ్చింది ఎంత, ఖర్చెంత, మిగిలిందెంత, అదే మైకులో అదే రాత్రి చదవాలి. డోలు కొట్టినాయనకు ఎంత ఇచ్చామో కూడా చదవాలి. లెక్క చదివిన కమిటీకి మరుసటి ఏడు చందా అడగాల్సిన పని ఉండదు, జనమే తెచ్చి ఇస్తారు.

ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో లక్సెట్టిపేట, దండేపల్లి, జన్నారం, మంచిర్యాల వైపు వాళ్ళుంటే నా మనవి ఒక్కటే. నవంబరు 14 దాకా ఆగకండి. రేపే మీ ఇంటి పన్ను రసీదు తీసి, గ్రంథాలయ సెస్సు అన్న వరుసలో ఎంత రాసి ఉందో చూడండి. ఆ రసీదు పట్టుకొని మీ గ్రంథాలయానికి ఒక్కసారి పోండి, సభ్యత్వం రాయించుకోండి. మీ వాడలో కథ చెప్పగలిగే మనిషి ఎవరున్నారో అడిగి, ఆయన రేటెంతో కూడా అడిగి రండి.